డైనాకి పన్నెండు వేల అడుగులు

నా పేరు సింహాచలం, ఇంటిపేరు పిల్లి. ఉద్యోగం డాగ్ స్క్వాడ్‌లో. నవ్వుకునేవాళ్లు ఇక్కడే నవ్వేసుకోండి, నేను ఆగుతాను. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఈ సంగతి విని నవ్వని ఆఫీసరు నాకు ఒక్కరే తగిలారు, ఇప్పటి మా ఎస్పీ గారు. ఆయన నా పేరు వినిపించుకోలేదు. నా పొట్టకేసి చూస్తూ ఉండిపోయారు.

ఆయన గురించి చెప్పేముందు డైనా గురించి చెప్పాలి. డైనా మా జిల్లా ట్రాకర్ జాగిలం, డాబర్‌మ్యాన్ జాతి. దొంగ వదిలేసిపోయిన చెప్పు వాసన చూపించామంటే, వాడు ఏ దారిన పారిపోయాడో ఆ దారంట మమ్మల్ని లాక్కుపోతుంది. మూడు నెలల పిల్లప్పుడు అకాడమీలో నా చేతిలో పెట్టారు. మా దగ్గర ఒక ఆచారం ఉంది, ఒక జాగిలానికి ఒక్కడే మనిషి, వాణ్ణే హ్యాండ్లర్ అంటారు. దాని అన్నం వాడే కలపాలి, దాని స్నానం వాడే చేయించాలి, దాని గోళ్లు వాడే కత్తిరించాలి. ఇంకొకడు బిర్యానీ తెచ్చి పెట్టినా అది ముట్టదు. ఈ ఆరేళ్లలో నేను సెలవు పెట్టింది ఒక్కసారి, మా ఆవిడ పురిటికి. అప్పుడు కూడా డైనాని తీసుకెళ్లి ఆస్పత్రి బయట వేపచెట్టుకి కట్టాను. పిల్ల పుట్టిందని నర్సమ్మ చెప్పినప్పుడు నేను బయట డైనాకి అన్నం పెడుతున్నాను. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

పరుగు కుక్కని సాకడం అంటే ఉత్తినే గ్రౌండు చుట్టూ తిప్పడం కాదండి. సోమవారం, గురువారం ఏటి ఇసకలో పరుగు, ఇసకలో పరిగెడితే వెనక కాళ్లకి బలం పడుతుంది. మంగళవారం జీడితోటల కొండ ఎక్కి దిగడం. శుక్రవారం కాలవలో ఈత. ఆదివారం ఏ పనీ లేదు, నీడన పడుకోవడమే. పరుగుకి ముందు పది నిమిషాలు నడిపించాలి, అయ్యాక పది నిమిషాలు నడిపించాలి, గంట దాకా అన్నం పెట్టకూడదు. సాయంత్రం నాలుగు పాదాలూ ఎత్తి వేళ్ల మధ్య ముళ్లున్నాయేమో చూసుకోవాలి. పక్కటెముకలు చేతికి తగలాలి గానీ కంటికి కనపడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దారిలో అది ఎక్కడ ఆగి ముక్కు కింద పెడితే అక్కడ మనమూ ఆగాలి. ఆ ముక్కు కోసమే ఈ కాళ్లన్నీ. ఈ పద్ధతిలో డైనా ఇరవై ఏడు మంది దొంగల్ని పట్టింది. కేసు డైరీల్లో ఆ ఇరవై ఏడు మందినీ ఆఫీసర్లు పట్టుకున్నట్టు ఉంటుంది, అది వేరే సంగతి.

ఇలా మా బతుకు మేం బతుకుతుండగా కొత్త ఎస్పీ గారు దిగారు. ఆయన మారథాన్ మనిషి. పొద్దున్నే ఇరవై కిలోమీటర్లు పరిగెత్తి, ఏదో ఆకుపచ్చ రసం తాగి, ఆఫీసుకొచ్చి కుర్చీ పక్కకి జరిపించేసి నిలబడే ఫైళ్లు చూస్తారు. దొరగారు నిలబడితే మనం కూర్చుంటామా? వారం తిరిగేసరికి ఆఫీసులో కుర్చీలన్నీ స్టోర్ రూములోకి పోయాయి. స్టోర్ రూము కానిస్టేబుల్ ఒక్కడే జిల్లాలో హాయిగా కూర్చున్నాడు.

రెండోవారం సర్క్యులర్ వచ్చింది. దాని పేరు దృఢ దళం. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, దళమునందలి ప్రతి ఒక్కరును హోదాతో నిమిత్తము లేకుండా దినమునకు పన్నెండు వేల అడుగులు వేయవలెను. సదరు అడుగులు శాఖ వారు సరఫరా చేయు బ్యాండు ద్వారా నమోదు కావలెను. నెలాఖరున పరీక్ష. వరుసగా మూడు నెలలు ఎర్ర గుర్తు పడినవారు దళము నుండి తొలగించబడుదురు."

నా పొట్ట నాకు గుర్తొచ్చింది గానీ డైనా గుర్తు రాలేదు. గుర్తుచేసినవారు మా రిజర్వు ఇన్‌స్పెక్టరు, ఆర్ఐ భుజంగరావు గారు. డాగ్ స్క్వాడ్ ఆయన కిందే ఉంటుంది. పదిహేను బ్యాండ్లున్న పెట్టె పట్టుకుని కెన్నెల్‌కి వచ్చారు.

"సింహాచలం, ఇది నీది. ఇది డైనాది."

"సార్, అది కుక్క సార్," అన్నాను.

"దళంలో ప్రతి ఒక్కరూ అన్నారు. రోల్లో డైనా పేరు ఉందా?"

"ఉంది సార్."

"నంబరు ఉందా?"

"కే పదకొండు సార్."

"అయితే అడుగులు ఉండాల్సిందే. సర్క్యులర్ రెండుసార్లు చదివాను. కుక్క అనే మాట అందులో ఎక్కడా లేదు. లేని మాట నన్ను ఎలా చదవమంటావు?"

భుజంగరావు గారు చెడ్డాయన కాదు. పైనుంచి కాగితం వస్తే దాన్ని తలకంటే ఎత్తులో పట్టుకుని చదివే రకం, అంతే. ఆయన చూపిన శ్రద్ధకి ఎస్పీ గారు పొంగిపోయి, జాగిలాలకి కూడా మినహాయింపు లేదని రాసిచ్చారు. ఇంతలో మనుషుల్ని తొలగిస్తే కోర్టుకి పోతారని ఎవరో చెప్పినట్టున్నారు, నాలుగో రోజు సవరణ వచ్చింది. మూడు ఎర్ర గుర్తులు పడితే మనుషులకి హెచ్చరిక, జాగిలాలకి తొలగింపు. కుక్కలు కోర్టుకి పోలేవు కదండీ.

తొలగింపు అంటే ఏమిటో నాకు తెలుసు. రెండొందల కిలోమీటర్ల అవతల విశ్రాంత జాగిలాల కేంద్రం ఉంది, అక్కడికి పంపిస్తారు. హ్యాండ్లర్ కూడా వెళ్లడానికి వీల్లేదు, హ్యాండ్లర్ ఇంకా విశ్రాంతి తీసుకోలేదు గనక. కిందటేడు సుల్తాన్ అనే ముసలివాణ్ణి పంపారు. పదకొండు రోజులు అన్నం ముట్టలేదని కబురొచ్చింది. ఆ తరవాత కబురు రాలేదు, మేమూ అడగలేదు.

బ్యాండు కట్టడం దగ్గరే తకరారు వచ్చింది. నాలుగు కాళ్లలో ఏ కాలు వేసిన అడుగు అడుగు? నాలుగూ లెక్కేస్తే డైనా పొద్దున్నే పాస్ అయిపోతుంది. భుజంగరావు గారు పైకి ఉత్తరం రాశారు. పన్నెండు రోజులకి జవాబు వచ్చింది: "జాగిలము యొక్క కుడి ముందుకాలికి కట్టవలెను. సెల్యూట్ చేయు అవయవము అదియే గనుక."

మా స్క్వాడ్‌లో ఇంకో జాగిలం ఉంది, మోతీ. లాబ్రడార్, బాంబులు పసిగట్టే పని. బాంబు వాసన తగిలితే మొరక్కుండా అక్కడే కూర్చుంటాడు, అది వాడి గుర్తు. వాడి హ్యాండ్లర్ దాసరి నూకరత్నం. నాకంటే పదేళ్లు చిన్నది, వందేళ్లు తెలివైంది. ఆవిడ భుజంగరావు గారి దగ్గర అటెన్షన్‌లో నిలబడి, "సార్, ఈడు కాలికి కట్టిందల్లా నమిలేస్తన్నాడు సార్. ప్రభుత్వ ఆస్తి సార్. తోకకైతే నోరు అందదు సార్," అంది. ప్రభుత్వ ఆస్తి అనగానే ఆయన సంతకం పెట్టేశారు.

మోతీకి తిండి మాట వినపడితే చాలు, తోక ఆగదు. నూకరత్నం వాణ్ణి వంటగది గుమ్మం ముందు పడుకోబెట్టి, "పల్లీ ఉండ, పల్లీ ఉండ" అంటూ తన పని తను చేసుకునేది. నెల తిరిగేసరికి మోతీ సగటు రోజుకి ముప్పై ఒక్క వేల అడుగులు. ఒళ్లు చూస్తే నాలుగు కిలోలు పెరిగాడు. ఎస్పీ గారు స్వయంగా వచ్చి వాడి మెడలో పచ్చ రిబ్బను కట్టారు.

డైనా సగటు ఏడు వేల నాలుగొందలు. ఒక దొంగతనం కేసుకి వెళ్తే ఆఫీసరు గారు వచ్చేదాకా మూడు గంటలు ఎండలో కూర్చోవాలాయె. ఆదివారాలు సున్నా ఆయె. ఎర్ర గుర్తు పడింది.

రెండో నెల పరీక్షలో కొలతలు కూడా పెట్టారు. ఫారం మాత్రం కానిస్టేబుళ్ల సెలక్షన్ ఫారమే, కొత్తది అచ్చు వేయించే టైము లేదు. ఎత్తు, బరువు, ఛాతీ. ఛాతీ దగ్గర రెండు గడులున్నాయి, మామూలుగా ఒకటి, గాలి పీల్చినప్పుడు ఒకటి. రెండిటికీ తేడా ఐదు సెంటీమీటర్లు ఉండాలి. భుజంగరావు గారు టేపు చుట్టి, మెడ నిటారుగా పెట్టి, "కే పదకొండు! గాలి పీల్చు!" అని ఆర్డర్ ఇచ్చారు.

డైనా టేపు నాకింది.

"పీల్చు!" అన్నారు మళ్లీ, ఈసారి ఇంకాస్త గట్టిగా. డైనా నా మొహంకేసి చూసింది. నేను కూడా పీల్చి చూపించాను. నా పొట్ట కదిలింది గానీ దాని ఛాతీ కదల్లేదు. అక్కడ నిలబడ్డ కానిస్టేబుళ్లందరూ ఒకసారి పీల్చి చూపించారు. ఫలితం లేదు.

మర్నాడు డైనాకి మెమో వచ్చింది, ఆదేశ ధిక్కారం కింద మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలని. దాని తరఫున నేనే రాశాను: "సదరు జాగిలము పుట్టిన నాటి నుండి గాలి పీల్చుచునే యున్నది. అయితే చెప్పినప్పుడు పీల్చు అలవాటు లేదు. ఇకమీదట ప్రయత్నించగలదు." కింద దాని కాలిముద్ర వేయించాను. భుజంగరావు గారు "సంజాయిషీ తృప్తికరముగా లేదు" అని రాసి రెండో ఎర్ర గుర్తు వేశారు. రాస్తున్నప్పుడు నాకేసి చూడలేదు. ఆయనకీ బాధగానే ఉన్నట్టుంది.

ఆ సాయంత్రం ఎస్పీ గారు నన్ను పిలిపించారు. గోడ మీద పెద్ద తెర, దాని మీద డైనా పరుగు గీతలు. పైకీ కిందకీ రంపప్పళ్లలా ఉన్నాయి.

"సింహాచలం, గంటలో నూట నలభై రెండు విరామాలు. ఏమిటివి?"

"ఆగి వాసన చూస్తుంది సార్."

"ఎందుకు?"

"అదే దాని ఉద్యోగం సార్," అన్నాను.

ఆయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. "చూడు, ఉద్యోగం వేరు, ఫిట్‌నెస్ వేరు. ముందు ఫిట్‌నెస్ వస్తే ఉద్యోగం దానంతట అదే వస్తుంది. నేను పరిగెత్తేటప్పుడు ఎక్కడైనా ఆగి వాసన చూస్తానా? ఆగడం ఒక మానసిక బలహీనత. ఇంకో సంగతి, ఈ వేగం దానిది కాదు, నీది. తాడు ఇవతల చివర నువ్వున్నావు. నీ బ్యాండులో కూడా రెండు ఎర్ర గుర్తులున్నాయి. నీ పొట్టని అది లాగుతోంది."

మర్నాడు ఆర్డరు వచ్చింది. జాగిలాలు పరుగులో ఆగరాదు, ముక్కు నేలకి ఆనరాదు, తాడు వాడరాదు, హ్యాండ్లర్ మోటారు సైకిలు మీద వెనక రావలెను. ఈ నియమాలు శిక్షణలోనూ, డ్యూటీలోనూ సమానంగా వర్తించును. మంచి అలవాట్లకి డ్యూటీ, శిక్షణ అని తేడా ఉండకూడదట.

కెన్నెల్ మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాను. నూకరత్నం వచ్చి పక్కన కూర్చుంది.

"ఏటన్నా అలాగున్నావు? తోకకి కట్టేద్దూ."

"డాబర్‌మ్యాన్‌కి తోకేది తల్లీ? పిల్లప్పుడే కత్తిరించేశారు. బొటనవేలంత ఉంది. అది ఊపినా దానికే తెలీదు."

"మరైతే ఏటి సేస్తావు?"

"ఇంకో నెల ఉంది. ఏం చేస్తాను, నేర్పుతాను," అన్నాను.

"ఏటి నేర్పుతావు? వాసన సూడ్డం మానేయడమా?" అంది నూకరత్నం. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "అన్నా, అది నీ మాట ఇంటాది. అదే భయం నాకు."

నిజమేనండి. డైనా నా మాట వింటుంది. మర్నాటి నుంచి మొదలుపెట్టాను. నేను మోటారు సైకిలు మీద, అది ముందు. తల ఎత్తి పరిగెడితే ఆగాక ఉడికించిన గుడ్డు. తల దించితే "నో." మొదటిరోజు అది తల దించింది, నో అన్నాను. ఆగి వెనక్కి తిరిగి నన్ను చూసింది. తప్పు విన్నాననుకుందేమో, మళ్లీ దించింది. మళ్లీ నో అన్నాను. ఆరేళ్లపాటు దేనికి శెభాష్ అని వీపు తట్టానో, దానికే నో అంటున్నాను. చెవులు వెనక్కి పెట్టేసి నేను ఏం తాగొచ్చానో అన్నట్టు చూసింది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలీలేదు. తిరిగొచ్చి ఆ సాయంత్రం నా మీదే అని తేల్చుకున్నాను.

ఆరో రోజుకి నూట నలభై రెండు కాస్తా నలభైకి దిగింది. పన్నెండో రోజుకి ఏడు. ఇరవయ్యో రోజున జీడితోటల్లో ముంగిస ఒకటి దాని కాళ్లకి అడ్డంపడి పోయింది, డైనా కన్నెత్తి చూడలేదు. ఆదివారాలు కూడా పరిగెత్తించాను. పాదాల మెత్తలు పగిలాయి, కొబ్బరినూనె రాశాను. పక్కటెముకలు కంటికి కనపడుతున్నాయి. కానీ మూడో నెలాఖరున డైనా పొద్దున్న ఏడున్నరకే పన్నెండు వేల అడుగులు దాటేసింది, విరామాలు సున్నా. ఛాతీ సంగతి కూడా కుదిరింది, అంత పరుగు తరవాత రొప్పుతుంటే టేపు దానంతట అదే ఐదు సెంటీమీటర్లు కదిలింది. పచ్చ గుర్తు పడింది. నాకు మాత్రం మూడో ఎర్ర గుర్తు పడి హెచ్చరిక వచ్చింది, దాన్ని నేను పట్టించుకోలేదు. డైనా నా దగ్గరే ఉంటుంది, నాకదే చాలు. ఆ రోజు దానికి రెండు గుడ్లు పెట్టి, దాని మెడ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మూడు నెలల విజయానికి గుర్తుగా ఎస్పీ గారు దృఢ దళం పరుగు పెట్టారు. జీడితోటల కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్ల మట్టిదారి. పొద్దున్న ఆరింటికి ఆయనే జెండా ఊపి, ఆయనే అందరికంటే ముందు పరిగెత్తి మలుపులో మాయమయ్యారు. ఏడున్నరకి కానిస్టేబుళ్లు ఒక్కొక్కరే వచ్చి పడ్డారు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఎస్పీ గారు రాలేదు. ఫోను జీపులోనే వదిలేశారు, పరుగులో ఫోను బరువట.

భుజంగరావు గారికి చెమటలు పట్టాయి. జీపులోంచి దొరగారి సాక్సు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "సింహాచలం, డైనాని వదులు!"

"సార్, తాడు కట్టి తీసుకెళ్తాను. నెమ్మదిగా, ఆగుతూ వెళ్లనివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఆర్డరు ఏమంది? శిక్షణలోనూ డ్యూటీలోనూ సమానంగా అంది. దొరగారు కనిపించకపోతే ఇంకో దొరగారు వస్తారు. దొరగారి ఆర్డరు తప్పి దొరగారిని వెతికితే మాత్రం దొరగారికి ఏం జవాబు చెప్పను?"

సాక్సు డైనా ముక్కు దగ్గర పెట్టాను. అది తల పక్కకి తిప్పుకుని నా మొహంలోకి చూసింది. నో అంటానేమోనని చూస్తోంది. సాక్సు ఇంకాస్త దగ్గరగా పెట్టి, "చూడమ్మా, ఈసారి చూడు, తప్పులేదు," అని బతిమాలాను. అది పళ్లు బిగించి, మెడ నిటారుగా పెట్టి, గుడ్డు కోసం ఎదురుచూసింది. "గో" అన్నాను. ఇంకేమనను?

వెళ్లిందండీ! అలాంటి పరుగు మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. తల ఎత్తి, చెవులు నిక్కబొడిచి, కొండ చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చింది. ఆగమని ఎవరూ అనలేదు గనక రెండో చుట్టు. మూడో చుట్టు. వెనక నేను మోటారు సైకిలు మీద, డుబడుబమంటూ. ఆరో కిలోమీటరు దగ్గర దారికి పది అడుగుల కింద పొదలు కప్పేసిన గోతిలో కాలు విరిగి ఎస్పీ గారు పడున్నారని, కానిస్టేబుళ్లు దాటినప్పుడు ఆయనకి స్పృహ లేదని, డైనా పైన దాటిపోయిన ప్రతిసారీ కేకలు పెట్టారని, ఆ కేకలు నా బండి మోతలో కలిసిపోయాయని తరవాత తెలిసింది. మూడో చుట్టుకి ఆయన గొంతు పోయింది.

ఈలోగా నూకరత్నం మోతీని తాడు కట్టి నెమ్మదిగా నడిపించుకుంటూ బయల్దేరింది. వాడికి వాసన చూడొద్దని ఎవరూ నేర్పలేదు, వాడు మూడు నెలలుగా పడుకునే ఉన్నాడు కదా. ఆరో కిలోమీటరు దగ్గర వాడు ముక్కు పైకెత్తి, పొదవైపు తిరిగి, మొరక్కుండా కూర్చున్నాడు.

మోతీ కూర్చుంటే బాంబు. బాంబంటే వంద మీటర్ల దూరం. రూలు అది. నూకరత్నానికి అనుమానం లేకపోలేదు, కానీ వైర్‌లెస్‌లో చెప్పేసరికి భుజంగరావు గారు దారికి రెండువైపులా ఎర్ర జెండాలు పాతించేశారు. పక్క పట్నం నుంచి బాంబు డిస్పోజల్ వాళ్లు రావడానికి గంటన్నర పట్టింది. దళసరి కోటు తొడుక్కున్న మనిషి ఒకడు పొడుగాటి కర్రతో పొద తొలగించి, లోపలికి తొంగిచూసి, అలాగే ఉండి సెల్యూట్ కొట్టాడు. ఎస్పీ గారి జేబులో సగం తిన్న పల్లీ ఉండ దొరికింది.

నాకైతే ఆ రోజు సంతోషం కలిగింది, దాచడమెందుకు. దొరగారికి ఇప్పుడైనా తెలుస్తుంది, ఆర్డరు వెనక్కి తీసుకుంటారు, డైనాకి మళ్లీ ముక్కు ఇస్తాను అనుకున్నాను. ఏటి ఇసకలో మొదటినుంచి ఎలా నేర్పాలో కూడా మనసులో వేసుకున్నాను. రెండు నెలలు పడుతుంది, పోనీ మూడు.

పదిహేను రోజులకి ఎస్పీ గారు చక్రాల కుర్చీలో వచ్చారు. కాలికి తొడదాకా కట్టు. మణికట్టుకి బ్యాండు లేదు, అది భుజంగరావు గారి ఎడమచేతికి ఉంది. దొరగారి అడుగులు కూడా ఆయనే వేస్తున్నారు, మనిషి సగం అయిపోయాడు. అందర్నీ వరసలో నిలబెట్టి విచారణ నివేదిక చదివారు.

"మోతీ అనబడు జాగిలము సంఘటనా స్థలమునకు చేరుటలో యాభై మూడు పర్యాయములు ఆగినది. వేగము గంటకు రెండు కిలోమీటర్లు. దీనికి మెమో ఇవ్వడమైనది."

నూకరత్నం నాకేసి చూసింది. నేను నేలకేసి చూశాను.

ఎస్పీ గారు కాగితం పక్కన పెట్టి డైనాకేసి తిరిగారు. ఆయన కళ్లల్లో నీళ్లు. అబద్ధం కాదు, నిజంగా నీళ్లే. "నేను గోతిలో పడి ఉన్నాను. అది నా మీదుగా మూడుసార్లు వెళ్లింది. నేను పేరు పెట్టి పిలిచాను. వాసన తగిలే ఉంటుంది. అయినా ఆగలేదు! పక్కకి చూడలేదు! ఏకాగ్రత అంటే అది. ఇరవై ఏళ్లుగా నేను వెతుకుతున్నది ఆ రోజు నా కళ్లతో చూశాను."

ఆర్డరు అప్పుడే చదివారు. డైనాని ఆదర్శ జాగిలంగా ప్రకటించి రాజధానిలో అకాడమీకి శాశ్వతంగా బదిలీ చేయడమైనది. రాష్ట్రంలో జాగిలాలన్నిటికీ అక్కడ దాన్ని చూపించి నేర్పుతారు. మూడు ఎర్ర గుర్తులున్న హ్యాండ్లర్ ఆదర్శ జాగిలము పక్కన ఉండుట తగదు గనుక, వేరే హ్యాండ్లర్‌ని నియమించడమైనది.

"సార్," అన్నాను. వరసలో నిలబడి ఉండగా మాట్లాడకూడదు గానీ నూకరత్నం మాట్లాడేసింది. "సార్, అది ఈయన సేతి కూడు తప్ప తినదు సార్. సచ్చిపోద్ది సార్."

"ఫిట్‌గా ఉంది. అలవాటు పడుతుంది," అన్నారు ఎస్పీ గారు, చాలా దయగా.

మర్నాడు పొద్దున్న వ్యాను వచ్చింది. కొత్త హ్యాండ్లర్ కుర్రాడు, బండరాయిలా ఉన్నాడు, మర్యాదస్తుడే. వాడికి అన్నీ చెప్పాను. అన్నం చల్లారాక కలపాలని, పెరుగు ముందు, మాంసం తరవాత అని, కలిపేటప్పుడు మాట్లాడుతూ ఉండాలని. వాడు ఫోన్లో రాసుకుంటూ, "మాట్లాడేది ఏం మాట్లాడాలి సార్?" అని అడిగాడు. ఆరేళ్లుగా ఏం మాట్లాడానో నాకు మాత్రం ఏం గుర్తు?

వాడు తాడు పట్టుకుని ఎక్కమంటే డైనా ఎక్కలేదు. బిస్కట్ చూపించాడు, చూడలేదు. నాలుగు కాళ్లూ నేలలోకి తన్ని నన్నే చూస్తోంది. ఎస్పీ గారు కుర్చీలోంచి గడియారం చూసుకున్నారు. భుజంగరావు గారు నా చెవి దగ్గరికొచ్చి, "నువ్వు చెప్తే వెళ్తుంది సింహాచలం, చెప్పేయ్ బాబూ, దాన్ని కొట్టి ఎక్కించేదాకా రానివ్వకు," అన్నారు.

తాడు విప్పాను. మెడ మీద చెయ్యి వేశాను, తీశాను.

"డైనా. గో."

తల ఎత్తింది. నా పక్కనుంచే వెళ్లింది, నా చెయ్యి ముక్కుకి అంత దగ్గర్లో ఉన్నా వాసన చూడలేదు. ఎక్కడా ఆగలేదు, వెనక్కి చూడలేదు, వ్యానుకి ఆనించిన బల్ల మీదుగా లోపలికి ఎక్కేసింది. నేను నేర్పినట్టే వెళ్లింది.

"నాలుగు సెకన్లు. ఎక్సలెంట్," అన్నారు ఎస్పీ గారు.

సిబ్బంది ఏడవరాదని సర్క్యులర్ ఏదీ ఇంకా రాలేదు. అక్కడే, దొరల ముందే, యూనిఫారంలోనే ఏడ్చాను.